కాకా నడుము

పోయిన వారం కాకా ఇంటి కోడలు ఒక తెల్ల చొక్కా తెచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టింది.

"అన్నా, గిది మామ అంగి. మా పెండ్లికి తొడిగిండు, మల్ల పండుగకో పబ్బానికో. కొత్తదాని లెక్కనే ఉన్నది, పారెయ్యబుద్ధి కాలే. మీ బావకు సైజు చేసియ్యి."

"ఐతారం నాడు పంపు చెల్లె, కొలత తీసుకుంట," అన్నాను.

ఆమె పోయాక మడత విప్పాను. ముందు పల్లె కంటే వీపు పల్లె, అంటే వెనక వైపు గుడ్డ, నాలుగు వేళ్లు పొడవుంది. ఇంకెవరైనా చూస్తే దర్జీ కత్తెర తప్పిందనుకుంటారు. కత్తెర తప్పలేదు. దాన్ని కుట్టింది నేనే, ఆ కొలతకే కుట్టాను. చొక్కా మళ్లీ మడిచి షెల్ఫులో కనబడని చోట పెట్టాను. పని మీద మనసు నిలవలేదు.

మాది గోదావరి ఒడ్డున బొగ్గు పట్టణం. కంపెనీ క్వార్టర్ల సందు చివర నా దుకాణం. ఆ చొక్కా తొడిగిన పెద్దాయన్ను సందులో పిల్లలూ పెద్దలూ అందరూ కాకా అనేవాళ్లు. కుడి చెయ్యి నడుము మీద, ఎడమ చేతిలో కర్ర, చూపు నేల మీద. పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నట్టు నడిచేవాడు. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు రోజూ అడిగేవారు.

"నడుమెట్లున్నది కాకా?"

"ఉన్నది బిడ్డా, ఉన్నది."

అంతే జవాబు. నొప్పిగా ఉందని గానీ, తగ్గిందని గానీ ఆయన నోటి నుంచి నేనెన్నడూ వినలేదు. నోటితో అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. ఆడిన అబద్ధమంతా నడుముతోనే ఆడాడు.

ఆ సంగతి చెప్పాలంటే మా దగ్గరి ఒక పద్ధతి చెప్పాలి. గనిని మేం బాయి అంటాం. బాయిలో పనిచేసే మనిషి ఒళ్లు చెడి ఇక దిగలేడని తేలితే, అతన్ని అన్‌ఫిట్ చేసి ఆ కొలువు కొడుక్కి ఇస్తారు. కాకాకు నిజంగానే నడుము పడిపోయింది. మంచం మీద నుంచి ఒంటేలుకు లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. పరీక్ష చేసిన డాక్టర్లు చూసింది నిజం, రాసింది నిజం. కొడుకు తండ్రి టోపీ పెట్టుకుని బాయిలోకి దిగాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత కాకాకు నయమైంది.

ఎట్లా నయమైందో ఆయనకూ పూర్తిగా తెలియదు. బరువు మోయని విశ్రాంతి కొంత కావచ్చు. జైనూర్ దిక్కు అడవిలో ఒక పసరు వైద్యుడు వేసిన ఆకుల కట్టు కొంత కావచ్చు. నయం కావడంతో ఆయనకు కొత్త రోగం పట్టుకుంది. తను సక్కగా నడవడం ఎవరైనా చూస్తే, చూసినవాడు ఇంకొకడికి చెబితే, ఆ మాట ఆఫీసు దాకా పోతే కొడుకు కొలువు పోతుందని భయం. ఆ పసరు వైద్యుడు మందుకు ఏమీ తీసుకోడట. నయమైనవాడు మళ్లీ వచ్చి, నలుగురి ముందు నిలబడి, నాకు నయమైందని చెప్పి ఒక కొబ్బరికాయ కొట్టాలి, అదే ఆయన అడిగేది. కాకా పోలేదు. "నలుగురిల చెప్పాలెనాయె," అనేవాడు. ఏటా పెరట్లో తను పండించే టమాటల్లో తొలి పండ్లు నాలుగు పేపర్లో చుట్టి జైనూర్‌కని పక్కన పెట్టేవాడు. నాలుగు రోజులు చూసి కోడలు వాటిని పప్పులో వేసేది.

నయమైన సంగతి మాత్రం ఆయన చెప్పకముందే నాకు తెలిసింది. కొడుకు పెళ్లి కుదిరినప్పుడు తెల్లబట్ట తీసుకుని దుకాణానికి వచ్చాడు. టేపు వేశాను. ముప్పై ఏళ్లుగా మనుషుల వీపులు కొలుస్తున్నవాణ్ని. వయసుకో రోగానికో వంగిన మనిషి భుజాల దగ్గర మొదలై వంగుతాడు, మెడ కింద ఎముక బయటికి పొడుచుకొస్తుంది, ఛాతీ లోపలికి పోతుంది. కాకా భుజాలు తలుపు రెక్కల్లా ఉన్నాయి. నడుము దగ్గర మాత్రం తాళం వేసినట్టు వంగాడు.

"కాకా, జర సక్కగ నిలబడు. కొలత తప్పుతది," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. నా టేపు ఎక్కడుందో ఆయన వీపుకు తెలుస్తోంది, ఆయన వీపు ఎట్లుందో నా వేళ్లకు తెలుస్తోంది.

"గింతే అస్తది బిడ్డా. గింతకే కుట్టు."

గింతకే కుట్టాను. వంగిన మనిషికి వీపు పల్లె పొడుగు, ముందు పల్లె పొట్టి. పెళ్లిలో పొద్దున్నుంచి వియ్యాలవారిని సాగనంపేదాకా ఆయన ఆ చొక్కాలో వంగే ఉన్నాడు. చొక్కా మీద ఎక్కడా ముడత లేదు. నలుగురు నా పనితనాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే ఎటు చూడాలో తెలియలేదు.

టమాటల సంగతి తర్వాత మొదలైంది. క్వార్టర్ వెనక పెరట్లో వెదురు బద్దలు వంచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక గ్రీన్‌హౌస్ కట్టాడు. మనిషి నిలబడితే నెత్తికి జానెడు ఖాళీ ఉండేది. వానలు వెనకబట్టాక మొదలుపెట్టి చలికాలమంతా నడిపేవాడు, ఎండలు ముదిరితే కాగితం తీసేసేవాడు. ఎందుకు కట్టినవని అడిగితే "బొగ్గు దుమ్ము పడుతున్నది ఆకుల మీద," అనేవాడు. అదీ నిజమే. గాలి తిరిగిందంటే మా ఊళ్లో ఆరేసిన బట్టల మీద కూడా దుమ్ము పడుతుంది.

ఒకరోజు నా దుకాణానికి వచ్చి పాత పైజామా నాడాలు అడిగాడు. ఎందుకని అడిగితే, డబ్బా కింద డబ్బా పెట్టి, కింది దాంట్లో నీళ్లు పోసి, పై డబ్బా మట్టిలో నుంచి నాడా ఒకటి నీళ్లలోకి వేలాడేస్తే, దీపం వత్తి నూనె లాక్కున్నట్టు మట్టి నీళ్లు లాక్కుంటుందని చెప్పాడు. ఎవరో బంధువుల ఇంట్లో పూల కుండీకి అట్లా పెట్టింది చూశాడట. రోజూ బిందెలు మోయనక్కర్లేదు, కింది తొట్టి నిండితే కొన్నాళ్లు చూడనక్కర్లేదు.

చాయ్ హోటల్ దగ్గర విన్నవాడొకడు ఊరుకోలేదు. "ఏం కాకా, టమాటలకు పైజామాలు తొడుగుతున్నవా?"

"తొడిగిన బిడ్డా. నీకు లుంగీ అన్న దిక్కున్నదా?" అన్నాడు కాకా. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, వంగి కర్ర పొడుచుకుంటూ పోయాడు. చేతిలో నా నాడాల చుట్ట.

ఆ టమాటల పనిలో నేను ఉపయోగపడ్డాను. నేను పదో తరగతి దాటలేదు. కానీ మా శాఖా గ్రంథాలయంలో నేను తెరవని అల్మరా లేదని కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. భోజనం వేళ దుకాణం షట్టర్ సగం దించి అక్కడికే పోతాను. అట్ట ఊడిన ఒక వ్యవసాయ పుస్తకం అక్కడ ఎన్నేళ్ల నుంచో దుమ్ము తింటోంది. దాన్ని కాకా కోసం చదివాను. చదివింది ఒకరికి అక్కరకొస్తుందంటే నాకు కాళ్లు భూమ్మీద నిలవవు.

కాకా మొదట పేడనీళ్లు తెచ్చి కింది తొట్టిలో పోశాడు. వారం తిరగకుండా పెరడంతా కంపు. నూలు నాడాలు జిగట పట్టి నల్లగా మురిగి నీళ్లు లాగడం మానేశాయి. పేడ మట్టిలో వేయాలి గానీ నీళ్లలో కాదని, తొట్టిలో వేసే ఎరువు చక్కెరలా పూర్తిగా కరిగేదై ఉండాలని, అది కూడా చాలా పల్చగా వేయాలని పుస్తకంలో చూసి చెప్పాను. నూలు తీసేసి నైలాన్ నాడాలు ఇచ్చాను. మొక్క ఎదిగేదాకా నత్రజని కొంచెం ఎక్కువ, పూత పట్టాక దాన్ని తగ్గించి పొటాష్ ఎక్కువ. కాయ అడుగు నల్లబడి లోపలికి పోతే దానికి కాల్షియం అందడం లేదని గుర్తు. కాల్షియం ఎరువును మిగతావాటితో ఒకే నీళ్లలో కలిపితే విరిగి అడుగున పేరుకుంటుంది, దాన్ని వేరే నీళ్లలో వేరేగా ఇవ్వాలి.

కాకా శ్రద్ధగా విని, "పాలల్ల పులుసు పొయ్యొద్దంటవు," అన్నాడు.

అంతకంటే బాగా పుస్తకం కూడా చెప్పలేదు.

ఆ ప్లాస్టిక్ ఇంట్లోనే ఆయన్ను నిటారుగా చూశాను. నేను లోపలికి వంగి వచ్చాక తెర దించి, కర్ర మూలకు పెట్టి, అలవాటుగా లేచి నిలబడ్డాడు. ఆయన అంత పొడగరి అని అప్పటిదాకా తెలియదు. కుట్టించుకున్న చొక్కాలన్నీ ఆ వంగిన కొలతవే కాబట్టి, నిలబడగానే వెనక భాగం తోకలా కిందికి జారింది, ముందు భాగం పైకి పోయి బొడ్డు కనబడింది. నాకు నవ్వొచ్చింది. ఆయనా తన బొడ్డు చూసుకుని నవ్వాడు. తర్వాత ఇద్దరం నవ్వడం మానేశాం.

"నీ టేపుకు ముందే ఎరికాయె," అన్నాడు. అప్పుడే అంతా చెప్పాడు, బాయి సంగతి, జైనూర్ సంగతి.

"కాకా, ఒకసారి ఇచ్చిన కొలువు గిట్ల గుంజుకోరు. నువ్వు కొలువు ఇడిసిననాడు నీకు నిజంగ బాగలేకుండె. నయమైతే తప్పా? నేను చదివిన పుస్తకాల్ల యాడ గట్ల లేదు."

"నువ్వు చదివినవ్, నిజమే. రేపు ఎవడన్న పిలిచి అడిగితే నీ పుస్తకం అచ్చి సాక్ష్యం చెప్తదా?"

ఆయన పూల కొమ్మల్ని గోటితో మెల్లగా మీటుతూ పోయాడు. లోపల తేనెటీగలు రావు, పుప్పొడి రాలడానికి మనిషే కదపాలి. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన నడుము మరిచిపోయేవాడు. ఒక డబ్బా దగ్గర నుంచి ఇంకో డబ్బా దగ్గరికి పడుచువాడిలా వంగి, లేచి, పక్కకు తిరిగి, మళ్లీ వంగేవాడు. బయట చెప్పుల చప్పుడైతే చాలు, చెయ్యి తనంతట తనే నడుము మీదికి పోయేది.

ఆ ఏడు కాపు బాగా పట్టింది. ఒక్కో చెట్టు వెదురు కర్రకు కట్టేసినా ఒరిగిపోయేంత కాసింది. ఆ సమయంలోనే ఆకుల అంచులు మాడటం మొదలైంది. మట్టి మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర. నాకు తెలిసిన సంగతే. వత్తి నీళ్లనూ ఎరువునూ కలిపే పైకి లాగుతుంది, నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగిలిపోతుంది. వాన పడదు కాబట్టి అది కిందికి దిగే దారి లేదు. అప్పుడప్పుడు డబ్బాను తొట్టి మీద నుంచి ఎత్తి పక్కన పెట్టి, మట్టి కడుక్కుపోయేదాకా పై నుంచి మంచినీళ్లు పోయాలి. లేకపోతే ఎంత ఎరువు వేసినా వేరు కాలుతుందే తప్ప తిన్నట్టు కాదు.

"ఎత్తకుంట కాదా?" అని అడిగాడు కాకా.

"కాదు కాకా. తొట్టి మీదనే పోస్తే కడిగిన ఉప్పు మల్ల తొట్టిలకే పోతది. నాడా మల్ల అదే పైకి గుంజుతది."

తడి మట్టితో నిండిన పెయింటు డబ్బా, పైన కాయలతో నిండిన చెట్టు. ఇద్దరు మనుషుల బరువు. కొడుకు మొదటి షిఫ్టుకు పోయిన పొద్దున మేం మొదలుపెట్టాం. నిజానికి నేను చేసిందేమీ లేదు, నీళ్లు పోశాను. కాకా మోకాళ్లు వంచి, డబ్బా అడుగుకు చేతులు పోనిచ్చి, ఊపిరి బిగబట్టి ఎత్తేవాడు. ఒక్క ఆకు కదలకుండా పక్కన దించేవాడు. చెమటతో ముఖం మెరుస్తోంది. అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

మూడో డబ్బా చేతుల్లో ఉండగా తెర కదిలింది. కోడలు. అప్పుడామె పచ్చి బాలింత, పిల్లను పడుకోబెట్టి, ఇంటి ముందు నల్లా దగ్గర నుంచి నీళ్ల క్యాను మోసుకొచ్చింది. మామ నడుముకు నీళ్లు మోయొద్దని తొట్టి నీళ్లన్నీ ఆమే మోసేది.

కాకా డబ్బాను దించాడు. దించాడు అనడం కూడా సరికాదు, చేతుల్లోంచి వదిలేశాడు. కొమ్మ ఒకటి విరిగి కాయలు కింద దొర్లాయి. చెయ్యి నడుము మీదికి పోయింది. వంగి, వెతుక్కుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

కోడలు క్యాను దించి దొర్లిన కాయలు ఏరి కొంగులో వేసుకుంది. ఎవరి ముఖమూ చూడలేదు.

"ఇంకెన్నున్నయ్ అన్నా ఎత్తేటివి?" అని నన్నడిగింది.

"నేను చూసుకుంట చెల్లె, నువ్వు పో, పిల్ల లేస్తది."

"నీతోని ఏమైతది. పట్టు."

నాకు మిషన్ తొక్కే కాళ్లున్నాయి గానీ చేతులు లేవు. బాలింతరాలు ఒక పక్క, దర్జీ ఒక పక్క పట్టి ఒక్కో డబ్బా ఎత్తి దించాం. ఆ పెరట్లో అందరికంటే బలమైన మనిషి బకెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి ఆయన నోరు ఊరుకోలేకపోయింది.

"నడుము మీద పడనియ్యకు బిడ్డా... మోకాళ్లు వంచు... అడుగుకెల్లి పట్టుకో..."

"నువ్వు కూసో మామా," అంది ఆమె తల ఎత్తకుండా. "నీ నడుము సంగతి నువ్వు చూసుకో."

అందులో ఎత్తిపొడుపు ఉందో, మామూలు మాటే అన్నదో, ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు. కాకా చివరి డబ్బా దాకా తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. వాటి నిండా తడి మన్ను ఉంది.

సాయంత్రం దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"దానికి ఎరికే," అన్నాడు.

"తెల్వదు కాకా, ఏం జూడలే అనుకుంట."

"ఎరికే. ఇన్నొద్దులసంది ఎరికేనేమో. ఎరికుండి నీళ్లు మోసింది." కర్ర మొనతో నేల మీద పడ్డ గుడ్డపీలికల్ని ఒక దగ్గరికి నెట్టాడు. "ఒక్కపారి అడిగినా బాగుండు. అడగదు. అడిగితె నేనేమన్న చెప్పుదును."

"నువ్వే చెప్పరాదు?"

"నా నోట్లకెల్లి అది ఎట్ల అస్తది? నేను బాగున్న అని ఎట్ల చెప్పాలె, చెప్పు. ఆడు దినాం బాయిలకు దిగవట్టె. నేను బాగున్న అని చెప్పుకుంట తిరగాల్నా?"

కొలువు పోతుందన్న భయం ఒక్కటే అని అప్పటిదాకా అనుకున్నాను. దాని కింద ఇది ఉందని ఆ సాయంత్రం తెలిసింది. తను మోయాల్సింది కొడుకు మోస్తున్నాడు, తను ఖాళీగా ఉండి కూడా.

మరుసటి ఏడు పెయింటు డబ్బాలు పెరట్లో కనబడలేదు. వంగిన ముసలాయన ఎత్తినా ఎవరూ ఏమీ అనుకోనంత చిన్న డబ్బాల్లో మొక్కలు పెట్టాడు. నాడా అదే, ఎరువు అదే, పాళ్లు అవే. కానీ టమాట వేరుకు చోటు కావాలి. కాయలు ఉసిరికాయలంతే వచ్చాయి. వాటినే గిన్నెలో పోసి ఇంటింటికీ పంచేవాడు. తీసుకున్నవాళ్లు అడిగేవాళ్లు.

"ఎరువు తక్కువైందా కాకా? గింతంత కాసినయ్."

"ఉన్నది బిడ్డా, ఉన్నది."

నాకూ ఒక గిన్నె వచ్చేది. నా భార్య చారు పెట్టేది, మంచి రుచి.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. అరుగు మీద బల్ల వేసి, పడుకోబెట్టి స్నానం చేయించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. బల్ల మీద పొడుగ్గా, నిటారుగా పడుకున్నాడు, భుజాలు రెండు వైపులా బల్ల అంచులు దాటాయి. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన, చాయ్ హోటల్ దగ్గర రోజూ నడుము సంగతి అడిగేవాడే, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"పాపం. పాణం పోయినంక సక్కగైంది నడుము."

అందరూ అవునన్నట్టు తలలూపారు. కోడలు గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసింది, నేను నీళ్ల చెంబు వైపు చూశాను. కొడుకు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అతను తల ఎత్తలేదు.

ఇక ఆ చొక్కా. అది ఆయన తలుపు రెక్కల భుజాలకు, వంగినట్టు నిలబడ్డ వీపుకు కుట్టింది. కొడుక్కి పట్టాలంటే భుజాలు దించాలి, వీపు పల్లె కింద నాలుగు వేళ్లు తీసేసి, ముందు వెనక సమం చేయాలి. విప్పడమే కష్టం, మిగతాది గంట పని. అట్లా మనసులో లెక్క వేసుకుని ఉంచాను.

ఆదివారం పొద్దున అతను వచ్చాడు. చాలా రోజుల తర్వాత అతన్ని వెలుతురులో దగ్గరగా చూడటం అదే. చొక్కా తొడిగి, గుండీలు పెట్టుకుని, అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు ఒక వేలు వదులున్నాయి, అంతే. కింద అంచు చూశాను. ముందు వైపు చూశాను. మళ్లీ వెనక వైపు చూశాను. అంచు చుట్టూ ఒకే వరసలో ఉంది.

సరిగ్గా నిలబడలేదేమో అనుకున్నాను.

"బావా, జర సక్కగ నిలబడు. కొలత తప్పుతది."

అతను అద్దంలోంచి నన్ను చూశాడు.

"నిలబడ్డ గదా బావా."

టేపు పెట్టాను. మెడ కింద ఎముక నా వేలికి తగిలింది. ఛాతీ లోపలికి పోయి ఉంది. వంపు నడుము దగ్గర లేదు, భుజాల దగ్గరే మొదలైంది.

"ఏమన్న మార్చాల్నా?" అని అడిగాడు.

"ఏం లేదు బావా. బరాబరున్నది."

"మా బాపుది నాకు గింత మంచిగ అస్తదనుకోలే," అన్నాడు, సంతోషంగానే. విప్పకుండా అట్లాగే తొడుక్కుని మెట్టు దిగబోయి, ఒక చెయ్యి నడుము మీద వేసుకున్నాడు.

మా సందులో అందరూ కాకాను అడిగిన ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. టేపు మెడలో వేసుకుని, ఎవరిదో జాకెట్టు ముక్క సూది కింద పెట్టి, తల దించుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టాను.